ఆబిడ్స్ ఎక్కడ అయిపోతుంది

మా స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకు మూడు కోర్సులున్నాయి. ఒకటి సైన్సు, ఒకటి కామర్స్. మూడోది చరిత్ర, న్యాయశాస్త్రం, భూగోళం. మొదటి రెండిటి గురించి తల్లిదండ్రులు సీట్లు ఎన్ని ఉన్నాయని అడుగుతారు. మూడోదాని గురించి మాత్రం, అది ఎందుకుందని అడుగుతారు.

అడ్మిషన్ల రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మేము ముగ్గురం ఒక బల్ల వేసుకుని కూర్చునేవాళ్లం. చరిత్రకు నేను, భూగోళానికి మా ఆయన సుందర్‌రాజ్, న్యాయశాస్త్రానికి శశికిరణ్. శశికిరణ్ నాంపల్లి కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయరు. వారానికి మూడు మధ్యాహ్నాలు వచ్చి పాఠం చెప్పిపోతాడు. ఒకసారి ఒక తండ్రి, "గిది చదివితే ఏమైతరు?" అని అడిగాడు. "నేనైన గదా," అన్నాడు శశికిరణ్. ఆ తండ్రి అతని కాలరు వైపు, తర్వాత బూట్ల వైపు చూసి, కొడుకును కామర్స్ బల్ల దగ్గరికి తీసుకుపోయాడు.

ఈ ఏడాది బల్ల దగ్గర ఇద్దరమే కూర్చున్నాం. సుందర్‌రాజ్ ఫిబ్రవరిలో పోయారు. ఇప్పుడు భూగోళం కూడా నేనే చెబుతున్నాను.

తొమ్మిదిమంది చేరారు. మా ప్రిన్సిపాల్ తాతారావు గారు జూన్ చివర్లో నన్ను పిలిచి, జూలై ముప్పై ఒకటి లోపల పన్నెండుమంది కాకపోతే కోర్సు మూసేస్తామని, ఉన్నవాళ్లను కామర్స్‌లో కలిపేస్తామని చెప్పారు. ఆయన చెడ్డ మనిషి కాదు. విద్యాశాఖ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరై ఇక్కడికి వచ్చారు. ఏ సంగతైనా ఫైలు తెరిచి, అందులో చూస్తూ చెబుతారు.

"నా చేతుల్లో ఏముందండీ, కమిటీ నిర్ణయం," అన్నారు. ఫైలు మీద 'మూసివేత' అని అప్పటికే రాసి ఉంది.

తొమ్మిదిమందిలో అయిదుగురు లెక్కల నుంచి తప్పించుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లు. కామర్స్ మాట చెప్పినప్పుడు వెంకీ అనే అబ్బాయి, "మిస్, గాడ అకౌంట్స్ ఉంటది గదా," అన్నాడు. ఉంటుందన్నాను. వాడు కూర్చుని కిటికీలోంచి బయటికి చూశాడు. మిగతా నలుగురూ ఈ కోర్సు కావాలని వచ్చినవాళ్లే. వాళ్లకోసమైనా దీన్ని నిలబెట్టాలని నాకుంది. మరో కారణం కూడా ఉంది కాని, అది తాతారావు గారి ఫైల్లో పట్టేది కాదు.

కమిటీవాళ్లు మెచ్చుకునేలా ఏదైనా చేయించాలనుకుని, మూడు సబ్జెక్టులకూ కలిపి ఒకటే ప్రాజెక్టు ఇచ్చాను. ఆబిడ్స్ ఎక్కడ అయిపోయి నాంపల్లి ఎక్కడ మొదలవుతుంది? భూగోళం గదిలో గోడమీద సుందర్‌రాజ్ చేత్తో గీసిన పటం ఉంది. పెద్ద పోస్టాఫీసు జీపీవో నుంచి నాంపల్లి స్టేషన్ దాకా ఉన్న ప్రాంతమంతా అందులో ఉంది. స్టేషన్ రోడ్డుకు అడ్డంగా ఎర్రసిరాతో ఒక గీత. అటు ఆబిడ్స్, ఇటు నాంపల్లి. ఇరవై ఏళ్లుగా పిల్లలు ఆ గీతను చూసే పరీక్షలు రాశారు.

పిల్లలు పటం పట్టుకుని స్టేషన్ రోడ్డు మీద తిరిగారు. గీతకు నాంపల్లి వైపు ఉండి కూడా బోర్డు మీద 'ఆబిడ్స్' అని రాసుకున్న దుకాణాలు తొమ్మిది తేలాయి. తలా ఒకటి పంచుకున్నారు. దుకాణం ఎప్పుడు పెట్టారో రాస్తే చరిత్ర, ఎక్కడుందో గీస్తే భూగోళం. న్యాయశాస్త్రానికి, బోర్డు మార్చమని ఆ దుకాణదారుకు ఒక లీగల్ నోటీసు రాయాలి. రాసి రికార్డు పుస్తకంలో అతికించాలి. అంతవరకే.

అసలు నోటీసు ఎట్లుంటుందో చూస్తే మంచిదని, కోర్టు బయట చెట్టు కింద కూర్చునే టైపిస్టు భూమయ్య దగ్గరికి వెళ్లమన్నాడు శశికిరణ్. మనస్విని వెళ్లింది. తొమ్మిది నోటీసులు, అడ్రసుల జాబితా ఇచ్చి, సాయంత్రం వెళ్లి తెచ్చుకుంది. ఆమె రికార్డు పుస్తకం నేనే దిద్దాను. నోటీసుల కాపీల పక్కన పోస్టాఫీసు రసీదులు తొమ్మిదీ వరసగా అతికించి, చుట్టూ ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో లతలు గీసింది. నమూనాగా పెట్టి ఉంటుందనుకున్నాను. కింద 'చక్కగా ఉంది' అని రాసి సంతకం పెట్టాను.

జూలై పద్దెనిమిదిన పోస్ట్‌మన్ తొమ్మిది అక్నాలెడ్జ్‌మెంట్ కార్డులు తెచ్చి ఆఫీసులో ఇచ్చాడు. అన్నిటి మీదా సంతకాలున్నాయి. ఒకదాని మీద, 'అందినది, వస్తున్నా' అని కూడా ఉంది.

మనస్వినిని పిలిచాను.

"నోటీసులు పోస్టు చేశారా?"

"నేను చెయ్యలే మిస్. భూమయ్య తాత చేసిండు."

"నువ్వు చెప్పలేదా, ఇది ప్రాజెక్టని?"

"చెప్పిన మిస్. పోస్టు చెయ్యని నోటీసు నోటీసే కాదు బిడ్డా, నలభై ఏండ్ల సంది నేను టైపు చేసింది ఒక్కటి గూడ ఊకె ఇంట్ల పడి ఉండలే అన్నడు."

"నువ్వేమన్నావు?"

"ఔ అన్న మిస్."

తాతారావు గారు తొమ్మిది కార్డులనూ పేకముక్కల్లా బల్లమీద పరిచారు. పక్కన మనస్విని రికార్డు పుస్తకం పెట్టారు. చాలాసేపు లతల వైపు చూశారు.

"చక్కగా ఉందని సంతకం పెట్టారండీ మీరు," అన్నారు.

"పెట్టాను."

"ఇది కమిటీకి తెలిస్తే ముప్పై ఒకటి దాకా కూడా ఆగరండీ."

ఆయన మాట పూర్తయ్యేలోపే గేటు దగ్గర స్కూటరు ఆగింది. 'వస్తున్నా' అని రాసిన మనిషి వచ్చారు. కిషన్ గారు. స్టేషన్ రోడ్డులో కళ్లద్దాల దుకాణం ఆయనది. అరవై ఏళ్లుంటాయి. చంకలో ఒక రెక్సిన్ సంచి, చేతిలో నోటీసు. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చదివారు.

"'మీ దుకాణము నాంపల్లిలో ఉండగా, బోర్డుపై ఆబిడ్స్ అని వ్రాయించి ప్రజలను తప్పుదారి పట్టించుచున్నారు. పదిహేను దినములలో మార్చవలెను. లేనియెడల తగు చర్య తీసుకొనబడును. అందులకగు ఖర్చులకు, మనోవ్యధకు మీరే బాధ్యులు.'" కాగితం దించి మా ఇద్దరినీ చూశారు. "మనోవ్యధ ఎవలికి? వాళ్లకా, నాకా?"

తాతారావు గారు నీళ్లు ఇప్పించారు.

"నాంపల్లి అంటే మంచిగ లేదని కాదు సార్," అన్నారు కిషన్ గారు. "మా అత్తగారిల్లు గాడనే. గని నాంపల్లికి మనిషి ఎందుకొస్తడు? రైలెక్కెటందుకు వస్తడు. లేకుంటె కోర్టుకు వస్తడు. చశ్మా కొనెటోడు ఆబిడ్స్‌కు వస్తడు. మా నాయిన గా బోర్డు పెట్టి యాభై రెండేండ్లాయె. ఇప్పుడు పక్క దుకాణపోడు పొద్దుగాల పొద్దుగాల, 'ఏంది నాంపల్లి సేఠ్, చాయ్ తాగినవా' అంటున్నడు. వానికి గూడ నోటీసొచ్చింది. అయినా అంటున్నడు."

అది పిల్లల పాఠమని, పొరపాటున పోస్టయిందని చెప్పాను. అందరి దగ్గరికీ వెళ్లి క్షమాపణ చెబుతామన్నాను.

"పాఠమైతే కాగితం మీద తారీకు ఎందుకుంది? నేను జవాబు చెప్పుకోవాలె. కాయిదాలు తెచ్చిన." సంచి తట్టారు. "మీరు నోటీసిచ్చిన్రు. నా మాట వినాలె గదా. ఇనకపోతే గదేం న్యాయశాస్త్రం?"

శనివారం మధ్యాహ్నం భూగోళం గదిలో విచారణ పెడతామన్నాను. తాతారావు గారు కళ్లు మూసుకున్నారు.

శనివారం తొమ్మిదిమంది దుకాణదారులూ అయిదు నిమిషాలు ముందే వచ్చారు. తల్లిదండ్రుల సమావేశానికి ఎవరూ ఇలా రారు. బెంచీలు చిన్నవి కావడంతో మోకాళ్లు పక్కకు పెట్టుకుని కూర్చున్నారు. తాతారావు గారు మూసివేత ఫైలు ఒళ్లో పెట్టుకుని చివరి బెంచీలో కూర్చున్నారు. శశికిరణ్ నల్లకోటు వేసుకుని జడ్జి కుర్చీ వైపు నడిచాడు.

"ఆగు," అన్నారు కిషన్ గారు. "నోటీసు నేర్పింది నువ్వే, తీర్పు చెప్పేది నువ్వేనా? టీచరమ్మ కూసోని."

"మిస్ కూడా సంతకం పెట్టిన్రు అంకుల్," అన్నాడు వెంకీ. వాడి నిజాయితీ ఎప్పుడూ ఇలాంటప్పుడే బయటపడుతుంది.

"గది మార్కుల సంతకం. చల్తా."

నేను కూర్చున్నాను. దుకాణదారుల తరఫున కిషన్ గారే మాట్లాడతారని మిగతావాళ్లు ఒప్పుకున్నారు. పిల్లల తరఫున మనస్విని లేచింది. రాత్రంతా చదివినట్టుంది, చేతిలో చీటీలున్నాయి. కిషన్ గారు సంచిలోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టారు.

"అంకుల్, మీ దుకాణం కరెంటు బిల్లు మీద ఏ ఏరియా ఉంది?"

కిషన్ గారు బిల్లును కొంచెం దూరంగా పట్టుకుని చూశారు. "నాంపల్లి."

వెనకనుంచి ఒక దుకాణదారు నవ్వాడు.

"ఫోన్ బిల్లు మీద?"

"ఆబిడ్స్. రాసుకో. ఆబిడ్స్."

"ఇంటిపన్ను రసీదు మీద?"

ఆయన రసీదు తిప్పి చూశారు. మళ్లీ తిప్పారు. "గన్‌ఫౌండ్రీ."

"మరి మీరు ఏడున్నట్టు అంకుల్?"

"కౌంటర్ ఎనక."

గదంతా నవ్వింది. తాతారావు గారు కూడా నవ్వబోయి ఫైలు వైపు చూసి ఆగిపోయారు.

మనస్విని గోడమీది పటం దగ్గరికి వెళ్లి స్కేలుతో ఎర్రగీతను చూపించింది. "కాయిదాలు మూడు తీర్ల చెప్తున్నయ్. గని ఈ పటం ఒక్క తీరుగనే చెప్తుంది. మా సుందర్‌రాజ్ సార్ కొలిచి గీసిన్రు. మీ దుకాణం గీతకు ఇవతల ఉంది. మా సాక్ష్యం ఇదే."

కిషన్ గారు బెంచీలోంచి కష్టంమీద లేచి పటం దగ్గరికి వెళ్లారు. జేబులోంచి భూతద్దం తీసి గీతను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశారు.

"గీత మంచిగ గీసిండు సార్," అన్నారు. "నా దుకాణం ముందటనే గీసిండు."

"మీకు తెలుసా?" అన్నాను. అడగాల్సిన ప్రశ్నేనో కాదో ఆలోచించుకోలేదు.

"తెల్వకేంది టీచరమ్మా. మే నెల, పన్నెండు గంటల ఎండ. జీపీవో కాడికెళ్లి టేపు పట్టుకోని కొలుచుకుంట వచ్చిండు. మొఖం ఎర్రగ అయింది. నేను స్టూలు ఏసిన. కూసున్నడు. అడిగిన, సార్, గింతకు ఆబిడ్స్ ఏడ అయిపోతది అని. అటు జూసిండు. ఇటు జూసిండు. 'కిషన్ గారూ, నాకు కాళ్లు నొప్పిగా ఉన్నాయి. ఆబిడ్స్ ఇక్కడ అయిపోతుంది' అన్నడు."

పిల్లలు నవ్వారు. దుకాణదారులు బెంచీలు చరిచారు. ఆ మాట ఆయన ఏ గొంతుతో అని ఉంటారో నాకు తెలుసు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. కిషన్ గారు అది గమనించారు.

"పవర్ మారినట్టుంది. ఒకసారి దుకాణానికి రాండ్రి," అన్నారు.

వస్తానన్నాను.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు అంకుల్, గీత తప్పని?" అంది మనస్విని. ఆమె స్కేలు ఇంకా గోడమీదే ఉంది.

"బడిల గోడకున్న పటం ఎవడు చూస్తడనుకున్న బిడ్డా. ఇరవై ఏండ్లయినంక నోటీసొస్తదని నాకేమెరుక."

తీర్పు చెప్పాల్సింది నేను. నాకు ఆ నాలుగు నిమిషాలు కష్టంగా గడిచాయి. గీత నిజమేనని అంటే కాదనడానికి గీసిన మనిషి లేడు. ప్రాజెక్టు నిలబడుతుంది, కమిటీకి చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. కాదంటే, తప్పుడు గీత పట్టుకుని తొమ్మిదిమంది పెద్దమనుషులకు నోటీసులు పంపిన కోర్సుగా ఇది మిగులుతుంది. చివరి బెంచీలో ఫైలు తెరుచుకుంటుంది. కాని తరగతిలో మొదటి రోజు నేను చెప్పే మాట ఒకటే, ఎవరు రాశారన్నది కాదు, ఏ ఆధారంతో రాశారన్నది చూడమని. ఆ మాట సుందర్‌రాజ్‌కు కూడా వర్తిస్తుంది. ఆయన అయితే నాకంటే ముందే ఒప్పుకునేవారు.

"ఈ గీతకు ఆధారం లేదు," అన్నాను. "కాళ్లనొప్పి ఆధారం కాదు. కాబట్టి నోటీసులు చెల్లవు. పిల్లలు అందరికీ క్షమాపణ చెబుతారు."

పిల్లలు లేచారు. వెంకీ అందరికంటే ఆలస్యంగా లేచాడు. తాతారావు గారు పెన్ను మూత తీశారు. "ఇక్కడితో అయిపోయినట్టేగా అండీ," అన్నారు.

"ఎట్ల అయిపోతది?" అన్నారు కిషన్ గారు. "నాకు మాఫీ వద్దు. ఆధారం లేదంటే నేను ఆబిడ్స్‌ల ఉన్నట్టా, లేనట్టా?"

"తెలియదండీ," అన్నాను.

"నాకు యాభై రెండేండ్ల సంది తెలుసు. ఇప్పుడు తెల్వకుంట చేసిన్రు. రాత్రి నిద్ర వడుతలేదు. వీళ్లే చెడగొట్టిన్రు, వీళ్లే తేల్చాలె. మంచిగ కొలిచి, పాత కాయిదాలు చూసి, ముద్రేసి ఇయ్యాలె."

మిగతా ఎనిమిదిమందీ అదే అన్నారు. అఫ్జల్‌గంజ్ నుంచి వచ్చి ఇక్కడ ట్రంకుపెట్టెల దుకాణం పెట్టుకున్నాయన, "నేను గాడినుంచి గీడికొచ్చిందే ఆబిడ్స్ అనుకోని," అన్నాడు. శశికిరణ్ డైరీ తిప్పి, అలవాటు చొప్పున, "ఫిబ్రవరికి వేద్దామా మేడమ్," అన్నాడు. అప్పటికి ఈ తరగతి ఉంటేగా అన్నాను. దుకాణదారులకు ఆ మాట అర్థం కాలేదు. వెంకీ విడమరిచి చెప్పాడు. కామర్స్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాడు.

కిషన్ గారు తాతారావు గారి వైపు కొంచెంసేపు చూసి, సంచి సర్దుకుని వెళ్లిపోయారు.

జూలై ముప్పైన స్కూలుకు ఒక రిజిస్టర్డ్ కవరు వచ్చింది. లోపల నోటీసు. టైపు చూడగానే భూమయ్యదని తెలిసింది. పంపినవాళ్లు స్టేషన్ రోడ్డు దుకాణదారులు తొమ్మిదిమంది. తమ దుకాణాలు ఏ ప్రాంతానికి చెందుతాయన్న సందేహాన్ని కలిగించిన విద్యార్థులు, 'చరిత్ర, న్యాయశాస్త్ర, భూగోళ విద్యార్థుల హోదాలో', దానిని పూర్తిగా తేల్చవలెనని, లేనియెడల తగు చర్య తీసుకొనబడునని ఉంది. చివర్లో మనోవ్యధ కూడా ఉంది.

తాతారావు గారు రెండుసార్లు చదివి నన్ను పిలిచారు.

"విద్యార్థుల హోదాలో అని రాశారండీ."

"చూశాను."

"ఇప్పుడు వీళ్లను కామర్స్‌లో కలిపితే ఆ హోదా పోతుంది. అప్పుడు జవాబెవరు ఇవ్వాలి? నేనివ్వాలి."

అబద్ధం మీద నిలబడటం నాకు ఇష్టం లేదు. "తాతారావు గారూ, ఇది నిజం కేసు కాదండీ. మనం గదిలో పెట్టుకున్నది పాఠం," అన్నాను.

"రిజిస్టర్డ్ పోస్టు నిజమైనదే కదండీ," అన్నారాయన.

ఆయన ఉద్యోగజీవితమంతా ఒక్క నియమం మీద నడిచింది. కేసు నడుస్తున్న ఫైలును ఎవరూ ముట్టుకోరు. దుమ్ము కూడా దులపరు. ఆయన 'మూసివేత' అన్న ఫైలు తెరిచి, చక్కని దస్తూరీతో ఇలా రాశారు: 'వ్యవహారము విచారణలో ఉన్నందున, తేలువరకు యథాతథ స్థితి.' తేదీ వేసి, ఫైలుకు దారం కట్టి, బీరువాలో అడుగు అరలో పెట్టారు. ముప్పై ఒకటో తారీకు వచ్చి వెళ్లిపోయింది. పన్నెండుమంది అయ్యారా అని ఎవరూ అడగలేదు.

శశికిరణ్ నమ్మలేదు. "మూడేండ్ల సంది కోర్టుల తిరుగుతున్న మేడమ్. ఒక్క స్టే రాలె. గిదే ఫస్టు," అన్నాడు.

పిల్లలు ఆగస్టులో పని మొదలుపెట్టారు. పాత కవర్ల మీది చిరునామాలు చూశారు. పెళ్లిపత్రికలు పోగు చేశారు. ఉస్మాన్‌గంజ్ హోల్‌సేల్ కొట్ల పాత బిల్లుబుక్కుల్లో ఏ దుకాణానికి ఏ పేటని రాశారో వెతికారు. ఎండలో టేపు పట్టుకుని కొలిచారు. కాళ్లు నొప్పెడితే కొలత ఆపకూడదని, రేపు మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టాలని చెప్పాను. వెంకీ ఆ లెక్కలన్నీ వేశాడు. అవి లెక్కలని నేను వాడితో అనలేదు.

విచారణ ఫిబ్రవరి రెండో శనివారం. అంతకు మూడు రోజుల ముందు, ఆఖరి పీరియడు తర్వాత కిషన్ గారు వచ్చారు. ఈసారి సంచి లేదు.

"టీచరమ్మా, శనివారం జర కష్టం. మా అన్న బిడ్డ లగ్గం ఉంది."

"పెళ్లి ఎప్పుడు?"

"ఏప్రిల్‌ల."

నేను క్యాలెండరు వైపు చూశాను. ఆయన, "నిన్న పిల్లలు ఆఖరుసారి కొలిచి పోయిన్రు. వాళ్ల మొఖాలు చూసిన," అన్నారు. "మంచిగ లెవ్వు."

నివేదిక నా బల్ల సొరుగులోనే ఉంది. అరవై రెండు పేజీలు. ఆయన అనుమానం నిజమే. కాగితాలు, కొలతలు అన్నీ కలిపి చూస్తే హద్దు సుందర్‌రాజ్ గీతకు ఆబిడ్స్ వైపు మూడు అడుగుల దూరంలోనే తేలింది. ఆ మాట పిల్లలు నాకు చెప్పినప్పుడు నేను ఇంకొకసారి కొలవమన్నాను. మళ్లీ మూడు అడుగులే వచ్చాయి. దుకాణం నాంపల్లిలోనే ఉంది.

ఈ సంగతి శనివారం చదివితే కేసు తేలిపోతుంది. సోమవారం బీరువా అడుగు అర తెరుచుకుంటుంది.

"వాయిదా అడుగుతున్నారా?" అన్నాను.

"ఔ. అడగొచ్చా?"

"అడగొచ్చు. కారణం చెప్పి అడగాలి."

"చెప్పిన గదా, లగ్గం."

నేను ఇంతవరకు ఏదీ వాయిదా వేసినదాన్ని కాను. కిందటేడు ఇదే నెలలో, సుందర్‌రాజ్ పోయిన నాలుగో రోజున యూనిట్ టెస్టు ఉంటే, ఆ రోజే పెట్టాను. వాయిదా వేసినా ఎవరూ తప్పు పట్టేవారు కాదని ఇప్పుడు అనిపిస్తోంది.

కాగితం తీసుకున్నాను. "ఎన్నాళ్లు కావాలి?"

"మీరే చెప్పుండ్రి. పిల్లలకు పన్నెండో తరగతి ఎప్పుడు అయిపోతది?"

"పై ఏడాది మార్చిలో."

"గయితే ఏప్రిల్ ఎయ్యండ్రి," అన్నారు కిషన్ గారు. "గప్పటికి ఇంకో లగ్గం ఉంటది."

పై ఏడాది ఏప్రిల్ రెండో శనివారం అని రాశాను.